పాతదాన్ని ఎన్నాళ్ళు మొయ్యాలి?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని అడిగినప్పుడు, సైన్సు వాడిని గనక ఏ గ్రహాల గురించో, అణువుల గురించో రాస్తాననుకుని ఉంటారు. అవి నాకన్నా బాగా రాయగలవాళ్ళు మన కళాశాలలో ఉన్నారు. నేను రాయబోయేది చిన్న విషయం. చిన్నదే గాని, దాని మూలంగా నాకూ నా గదిలో ఉండే మిత్రుడికీ నెలరోజులపాటు సరిగ్గా మాటల్లేవు. అంచేత రాయదగ్గదే అనుకుంటున్నాను.

విషయం ఇది. ఒకడు ఒక కంప్యూటరు ప్రోగ్రాము రాశాడు. దాన్ని నలుగురు వాడుతున్నారు. లోకం ముందుకు పోతోంది, ఆ ప్రోగ్రాము ఏ సామగ్రి మీద ఆధారపడిందో ఆ సామగ్రికి ఏటేటా కొత్త రకాలు వస్తున్నాయి. వాడేవాళ్ళలో కొందరు మాత్రం పాత రకం దగ్గరే ఆగిపోయారు. రాసినవాడు ఆ పాతదాని మీద కూడా తన ప్రోగ్రాము నడిచేటట్టు ఎన్నాళ్ళు చూస్తూ కూర్చోవాలి?

మాది కాట్రేనికోన. అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా సముద్రం వైపు వస్తే తగులుతుంది. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లా, తరువాత కోనసీమ జిల్లా. చేలల్లో వరి, గట్ల మీదా దొడ్లలోనూ కొబ్బరి, కిందికి పోయేకొద్దీ రొయ్యల చెరువులు, ఆపైన మడ అడవి. మా నాన్న వ్యవసాయం. మా బాబాయి కొబ్బరికాయల వ్యాపారం. రైతుల దగ్గర కాయ కొని, దింపు, ఒలుపు కూలీలు తనే పెట్టుకుని, లారీలకెత్తుతాడు. మా వైపు కొబ్బరి లెక్క తేలికైంది కాదండోయ్. ధర వెయ్యి కాయలకి చెబుతారు. పచ్చికాయ ఒక రేటు, నిలవ ఉన్న ముక్కుడు కాయ ఒక రేటు, అందులో పెద్దవి, చిన్నవి వేరు. కురిడీ అయితే గండేరా అని, గటగట అని మళ్ళీ రకాలు. రైతుకి ముందే ఇచ్చిన అడ్వాన్సు మినహాయించాలి, దింపు కూలి ఎవరి మీద పడుతుందో చూడాలి. ఇదంతా అయ్యాక పట్టీ రాసి ఇవ్వాలి.

మా తాతగారి కాలంలో ఈ పద్దులన్నీ పుస్తకాల్లో ఉండేవి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను సంగతి మా వైపు పెద్దవాళ్ళెవరిని అడిగినా చెబుతారు. చెట్లు పోయాయి, మనుషులు పోయారు. మా ఇంట్లో మనుషులకేమీ కాలేదు గాని పద్దు పుస్తకాలు నీళ్ళల్లో నాని ముద్దయిపోయాయట. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో నోటి మాటల మీద తేల్చుకోవలసి వచ్చింది. ఇవ్వవలసినవాళ్ళు జ్ఞాపకం లేదన్నారు, రావలసినవాళ్ళకు మాత్రం బాగా జ్ఞాపకముంది! ఆ దెబ్బ మనసులో ఉండే బాబాయి 2012లో కంప్యూటరు కొన్నాడు. ప్రతి శనివారం లెక్కలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దాన్ని ఇంట్లో బియ్యపు డబ్బాలో పెడతాడు. ఆ కంప్యూటరే ఇవాళ్టికీ నడుస్తోంది. అందులో విండోస్ 7. దానికి మైక్రోసాఫ్టు వారు 2020 జనవరి 14తో నీళ్ళు వదిలేశారు.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో పైథాను నేర్చుకున్నాక, సెలవుల్లో ఇంటికెళ్ళి బాబాయి కోసం ఒక ప్రోగ్రాము రాశాను. కాయల రకం, సంఖ్య, రేటు, అడ్వాన్సు ఇస్తే చాలు, పట్టీ తయారై పక్కనున్న చుక్కల ప్రింటరులో మూడు కాపీలు కార్బను మీద పడుతుంది. ఒకటి రైతుకి, ఒకటి లారీ వాడికి, ఒకటి దుకాణానికి. బాగుందని చూసి మరో ముగ్గురు వ్యాపారస్తులు అడిగారు. వాళ్ళవి కొత్త యంత్రాలు. పని పెరిగింది గనక నా గది మిత్రుణ్ణి చేర్చుకున్నాను. వాడిది కంప్యూటరు సైన్సు, నాకన్నా చురుకైనవాడు. డబ్బేమీ తీసుకోలేదు, సంక్రాంతికి ఒక బుట్టెడు కాయలూ, తిట్లు కొన్నీ వచ్చాయి.

ఇక్కడ ‘లైబ్రరీ’ అనే మాట చెప్పాలి. మన కాలేజీ గ్రంథాలయం కాదు. కంప్యూటరు వాళ్ళ భాషలో లైబ్రరీ అంటే ఇతరులు ముందే చేసిపెట్టిన పనిముట్ల పెట్టె. నాగలి కావలసిన ప్రతివాడూ కొలిమి పెట్టుకోడు గదా! లెక్కలకి నంపై అని ఒకటుంది, పట్టికలకి పాండాస్ అని ఒకటుంది. ఊరూపేరూ తెలియని ఎందరో కలిసి చేసి ఉచితంగా ఇచ్చినవి. మన ప్రోగ్రాము వాటి మీద నిలబడుతుంది, అవి పైథాను మీద, పైథాను విండోస్ మీద. ఒకదాని మీద ఒకటి. పైథానుకు ఏటా అక్టోబరులో ఒక కొత్త రకం విడుదలవుతుంది. ఒక్కొక్కదానికి ఐదేళ్ళపాటు మరమ్మతులు ఉంటాయి, ఆ తరువాత ఉండవు. విండోస్ 7 మీద నడిచే ఆఖరు పైథాను 3.8. అది 2019 అక్టోబరులో వచ్చింది, 2024 అక్టోబరులో దాని గడువు తీరింది. నంపై వాళ్ళు అంతకన్నా ముందే దాన్ని వదిలేశారు. 3.8 మీద పనిచేసే నంపై 1.24తో ఆఖరు, 2023 జూన్‌లో వచ్చిన 1.25 నుంచి లేదు. అంటే బాబాయి కంప్యూటరు గడువు తీరిన విండోసు మీద గడువు తీరిన పైథాను, దాని మీద గడువు తీరిన నంపై. మూడంతస్తుల పాతమేడ. పైకప్పు మాత్రం నేను వేసిన కొత్త పెంకు.

ఈ మధ్యలో మాకు రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది చిన్నది. 2024 జూన్‌లో నంపై 2 వచ్చింది. హాస్టల్లో మా లాప్‌టాపులో అది ఎక్కింది. పట్టీలో మొత్తాల వరస అచ్చువేస్తే, ప్రతి అంకె ముందూ ‘ఎన్‌పీ ఫ్లోట్ 64’ అని ఇంగ్లీషులో పడుతోంది. అంకెను ఎలా చూపించాలో కొత్త రకంలో మార్చారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, మంచివే. కాని బారెడు పేరు తగిలించుకున్న రూపాయలను ఏ రైతు తీసుకుంటాడు? ఆ వరసను వేరే విధంగా రాసి రెండు రకాల మీదా సరిపడేటట్టు చేశాం.

రెండవది పెద్దది. కిందటి కార్తీకమాసంలో జరిగింది. కార్తీకంలో కొబ్బరికాయకు ఉండే గిరాకీ తెలిసిందే. నా మిత్రుడు కాయల రకాలను వేరుచేసే భాగాన్ని కొత్త పద్ధతిలో తిరగరాశాడు. పైథానులో ‘మ్యాచ్’ అని ఒక సదుపాయం 3.10లో, అనగా 2021లో వచ్చింది. నలభై వరసల చిక్కుముడి పన్నెండు వరసల్లో అద్దంలా అయింది. నిజంగా అందంగా రాశాడు. దాన్ని నలుగురికీ పంపించాం. ముగ్గురికి పనిచేసింది. బాబాయి దుకాణంలో గుమస్తా దాన్ని ఎక్కించి తెరిస్తే, తెర మీద రెండు వరసల ఇంగ్లీషు, అంతే. 3.8కి ఆ మాటే తెలియదు. తెలియని ఒక్క మాట ఉన్నా మొత్తం ప్రోగ్రాము తెరుచుకోదు, అది పైథాను స్వభావం. బయట లారీ నిలబడి ఉంది. దింపు వాళ్ళు కూలి కోసం కూర్చున్నారు. బాబాయి పట్టీలన్నీ చేత్తో రాసి, సాయంత్రం ఏడింటికి లారీ పంపాడు. ఆ రాత్రి ఫోను చేసి, “అబ్బాయ్, నీ కంప్యూటరు అలిగిందిరా” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అంటే బాగుండును.

ఇక్కడ మొదలైంది మా ఇద్దరికీ.

మిత్రుడి వాదం ఇది: “ఒక్కడి కోసం నలుగురినీ వెనక్కి లాగుతున్నావు. ప్రతి మార్పునీ రెండుచోట్ల పరీక్షించాలి. కొత్త సదుపాయం ఏదీ వాడుకోకూడదు. పాత పైథానులో ఏదైనా లోపం బయటపడితే దిద్దే నాథుడు లేడు. పదమూడేళ్ళ కంప్యూటరు అది! మీ బాబాయి కాకపోతే నువ్వే వదిలేసేవాడివి.”

ఆఖరి మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అందులో నిజమెంతో నాకే తెలియలేదు. మిగతా మాటల్లో నిజం ఉంది. పాతదాన్ని మొయ్యడం ఊరికే జరిగే పని కాదు, ఎవడో ఒకడు రాత్రి కూర్చుని మోస్తాడు. మా విషయంలో ఆ ఎవడో ఒకడు ఎక్కువసార్లు వాడే. పరీక్షల ముందు రెండు రాత్రులు బాబాయి కంప్యూటరు లాంటి దాన్ని మా ఊళ్ళో దొరక్క, లాప్‌టాపులోనే విండోస్ 7 వేరుగా ఎక్కించి పరీక్షించినవాడు వాడు. వాడేవాడికి ఈ బరువు కనపడదు. అందుకే “పాతదాన్ని ఎప్పటికీ ఆదుకోవాలి” అని చెప్పడం, మోసేవాడు మనం కానప్పుడు మహా సులువు.

సరే, పెద్దవాళ్ళు ఏం చేశారో చూద్దామని కూర్చున్నాను. పైథాను చరిత్రే ఇందుకు పెద్ద పాఠం. 2008 డిసెంబరులో పైథాను 3 వచ్చింది. పాత పైథాను 2 కోసం రాసింది చాలావరకు దీని మీద మార్పు లేకుండా నడవదు. పాతదాని ఆఖరు రకం 2.7 2010 జూలైలో విడుదలైంది. దాన్ని 2015 దాకా చూస్తామన్నారు. కాని జనం కదలలేదు. కదలకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం అనుకోకండి. వాళ్ళ ప్రోగ్రాములు ఏ లైబ్రరీల మీద ఉన్నాయో అవి ముందు కదలాలి, అవి ఇంకో లైబ్రరీ కోసం ఆగి ఉన్నాయి. రేవు దగ్గర పడవ నిండేదాకా ఆగినట్టు ఒకరి కోసం ఒకరు. చివరికి 2014లో గడువును 2020 జనవరి 1 దాకా పొడిగించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 2.7.18 అని ఆఖరు ముద్ర వేసి ముగించారు. పన్నెండేళ్ళు రెండు సంసారాలు చేశారన్నమాట!

ఈ కథలో నాకు నచ్చింది నంపై వాళ్ళ పద్ధతి. 2018 ఆఖరు దాకా వచ్చేవన్నీ రెండు పైథానుల మీదా నడుస్తాయి అన్నారు. 2019 నుంచి కొత్త సదుపాయాలు కొత్తదానికే అన్నారు. 1.16 అనే రకాన్ని పాతవాళ్ళ కోసం ఆఖరుదిగా నిలబెట్టి, 2019 చివరిదాకా దానిలో తప్పులు మాత్రం దిద్దుతూ వచ్చారు. ఇదంతా 2017లోనే చాటింపు వేశారు. అనుకున్న మాట అనుకున్నట్టు జరిగింది. వదిలిపెట్టారని వాళ్ళను తిట్టినవాళ్ళు ఉండవచ్చు గాని, చెప్పలేదని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ తరువాత ఈ శాస్త్రీయ లైబ్రరీల వాళ్ళు ప్రతిసారీ ఈ పేచీ ఎందుకని ఒక లెక్క కట్టుకున్నారు. 2019లో రాసుకున్న నియమం ప్రకారం ఒక పైథాను రకాన్ని విడుదలైన నాటి నుంచి 42 నెలలు, నంపై రకాన్ని 24 నెలలు ఆదుకోవాలి. తరువాతి నియమంలో ఆ 42ను 36 చేశారు. లైబ్రరీలకు 24 నెలలే. నా మిత్రుడు ఈ కాగితం పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. “చూడు, రెండేళ్ళు. లోకమంతా ఒప్పుకున్న లెక్క ఇది. మీ బాబాయికి ఇప్పటికే ఎక్కువ ఇచ్చాం.”

ఆ లెక్క మంచిదే. కాని అది ఎవరి కాలం కొలుస్తోంది? రాసేవాడి కాలం. పాతదాన్ని ఎన్నాళ్ళు మొయ్యగలనో అతను చెబుతున్నాడు, న్యాయంగానే చెబుతున్నాడు. పరిశోధనశాలలో కూర్చుని ఏడాదికొకసారి కంప్యూటరు మార్చగలవాడికి అది సరిపోతుంది. కొబ్బరి దుకాణంలో కాలం అలా నడవదు. అక్కడ ఏడాది అంటే ఆరేడు దింపులు, దసరా, కార్తీకం, సంక్రాంతి. కార్తీకంలో మార్చమంటే మార్చలేడు. వానాకాలంలో చేతిలో డబ్బు ఉండదు.

పైగా మార్చమంటే దేనికి మార్చాలి? నేను ఈ విషయమై అమలాపురంలో రెండు మూడు షాపుల్లో వాకబు చేశాను. బాబాయికి అందుబాటులో ఉండే పాత కంప్యూటర్లు చాలావరకు విండోస్ 10 వి. దానికి 2025 అక్టోబరు 14తో గడువు అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, మరీ పాతకాలపు ప్రాసెసరు పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం ఆ చుక్కల ప్రింటరు. దానికి కొత్త విండోసులో పనిచేసే డ్రైవరు మాకు దొరకలేదు. లేజరు ప్రింటరు కొనుక్కోవచ్చుగా అంటారు మీరు. దానిలో కార్బను కాపీ పడదు. మూడుసార్లు వేసుకోవచ్చు గాని, ఒకే ఒత్తిడికి మూడూ పడితేనే మూడూ ఒకటేనని రైతుకు నమ్మకం. మనం లైబ్రరీ రకం మార్చు అని ఒక్క ముక్కలో అంటాం; అవతలివాడు దుకాణం మర్యాదే మార్చుకోవలసి వస్తుంది.

దీనికి ఎదురుగా భయపెట్టే సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు లోకమంతా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కినట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది. ఆ కన్నానికి మందు మైక్రోసాఫ్టు వారు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చారు; వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. 2014 ఏప్రిల్‌లోనే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం అప్పుడు ప్రత్యేకంగా మందు పంపారు. పాతదాన్ని పట్టుకు వేళ్ళాడితే నష్టం తనొక్కడిదే కాదు, పురుగు పక్కింటికి కూడా పాకుతుంది. బాబాయి కంప్యూటరుకు ఇంటర్నెట్టు లేదు గనక నేను కొంత ధైర్యంగా ఉన్నాను. ఉంటే మాత్రం నా మిత్రుడి పక్షమే చేరేవాణ్ణి, ఇందులో మొహమాటం లేదు.

ఇక పాతదాని మీద మమకారం పల్లెటూరి వ్యాపారస్తులకే అనుకోవద్దు. మీరు చదువుతున్న ఈ సంచికనే చూడండి. మేమందరం ఫోనుల్లో యూనికోడ్ తెలుగులో వ్యాసాలు కొట్టి పంపాం. ప్రెస్సులో కంపోజింగు చేసే ఆయన పేజ్‌మేకరులో, అనూ ఫాంట్లలో పేజీ కడతారు. పేజ్‌మేకరు 1985లో పుట్టిన ప్రోగ్రాము. దాని 7.0 రకం 2001లో వచ్చింది, ఆపైన పెద్ద రకం రాలేదు. అనూ వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరం ముక్కలను కూర్చుతారు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో మొదటి రకం నుంచే సొంత చోటు ఉంది. అయినా అచ్చు పనిలో పాతదే నడుస్తోంది. మా వ్యాసాలను ఆయన ఒక మార్పిడి ప్రోగ్రాములో వేసి అనూలోకి దింపుతారు. దింపేటప్పుడు కొన్ని వత్తులు జారిపోతాయి, వాటిని కూర్చుని దిద్దుతారు. “కొత్తదానికి మారకూడదాండీ?” అని అడిగాను ప్రూఫులకు వెళ్ళినప్పుడు. “పాతికేళ్ళ నుంచి వేళ్ళు ఈ మీటలకే అలవాటు పడ్డాయి బాబూ. పైగా పాత పుస్తకం రెండో కూర్పు వెయ్యమని ఎవరైనా వస్తే, ఆ ఫైలు దీన్లోనే తెరుచుకుంటుంది” అన్నారు. ఆ రెండో కారణానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసంలో ఎక్కడైనా వత్తు జారితే సహృదయంతో సరిపెట్టుకోగలరు.

యూనికోడ్ వారిది మరో తోవ. ఒకసారి ఒక అక్షరానికి చోటిస్తే ఎన్నటికీ తీసెయ్యరు. పేరు కూడా మార్చరు. ఒకానొక బ్రాకెట్టు గుర్తు పేరులో ‘బ్రాకెట్’ అన్న ఇంగ్లీషు మాట స్పెల్లింగు తప్పు పడింది. అది తప్పని అందరికీ తెలుసు, అయినా అలాగే ఉంచారు, ఉంటుంది. ఎప్పటికీ ఆదుకుంటామని మాటిస్తే తప్పులను కూడా ఎప్పటికీ మొయ్యాలి. లిపికి అది చెల్లుతుంది. నలుగురు వాడే కొబ్బరి లెక్కకు చెల్లదు.

ఇలా తర్జనభర్జన పడుతూ పండగ సెలవులకు ఇంటికి వెళ్ళాను. నాన్నకు పైథాను తెలియదు గాని పాతా కొత్తా తగవు బాగా తెలుసు. మాకు రెండు చెక్కలు చేను. మురుక్కాలవ వైపున్నది పల్లం. అందులో సార్వాకి నాన్న ఇప్పటికీ స్వర్ణే వేస్తాడు. స్వర్ణ అంటే ఎంటీయూ 7029, మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన రకం. నాన్న వయసు దానికన్నా కాస్త ఎక్కువ, అంతే. తెగుళ్ళు వస్తున్నాయి, మార్చండి అని వ్యవసాయాధికారులు ఏటా చెబుతూనే ఉంటారు. దాళ్వాకి మాత్రం నాన్న ఎవరూ బలవంతం చెయ్యకుండానే 1010 మానేసి 1121కి మారాడు.

“అక్కడ మారినవాడివి ఇక్కడెందుకు మారవు?” అని అడిగాను.

“ఒరేయ్, 1121 పక్క చేలో రెండేళ్ళు చూశాన్రా. గింజ చూశాను, కొన్న షావుకారు మొహం చూశాను. అప్పుడేశాను. పల్లంలో స్వర్ణకి బదులు ఏది నిలబడుద్దో ఇంకా నాకు కళ్ళబడలేదు. కళ్ళబడ్డాక మానేస్తా. నాకేం అది మేనల్లుడా?”

స్వర్ణ విషయంలో శాస్త్రవేత్తలు చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పాలి. రైతులు దాన్ని వదలడం లేదని చూసి, దానిలోకే ముంపుకు తట్టుకునే జన్యువును ఎక్కించి స్వర్ణ-సబ్1 అని 2009లో విడుదల చేశారు. రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా బతుకుతుందంటారు. ఆ జన్యువు దొరికింది ఎఫ్ఆర్ 13ఏ అనే ఒడిశా పాత రకంలో. తిండికి ఎవరూ కోరని ఆ పాత వడ్లను ఎక్కడో ఒకచోట చెడకుండా దాచి ఉంచారు గనక దొరికింది. సాగులోంచి పోవడం వేరు, గాదెలోంచి పోవడం వేరు. ఈ సంగతి మా పనికి సూటిగా పనికొచ్చింది.

తిరిగొచ్చి మిత్రుడితో కూర్చున్నాను. ఈసారి అరుచుకోలేదు. రెండు రాత్రుల్లో తేల్చుకున్నది ఇది. ‘మ్యాచ్’ రాకముందు ఉన్న ప్రోగ్రామును పాతదాని ఆఖరు రకంగా నిలబెట్టేశాం. అందులోకి కొత్త సదుపాయాలు ఏవీ రావు. లెక్క తప్పితే, పట్టీ తప్పుగా పడితే మాత్రం దిద్దుతాం. దాన్ని నడపడానికి కావలసిన పైథాను 3.8, నంపై, పాండాస్ అన్నిటినీ కలిపి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాం. రేపు ఎక్కడా దొరక్కపోయినా ఆ కంప్యూటరు మళ్ళీ మొదటినుంచి కట్టుకోవచ్చు. కొత్త రకం తన దారిన తను పోతుంది, మిత్రుడి ‘మ్యాచ్’ అందులో భద్రంగా ఉంటుంది. లెక్కల ఫైలు మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలని నేను పట్టుబట్టాను. ప్రోగ్రాము పాతబడవచ్చు, పద్దు పాతబడకూడదు. ఇక్కడ వాడు కొంచెం సణిగాడు, ఒప్పుకున్నాడు.

గడువు దగ్గర ఎక్కువసేపు పట్టింది. వాడు ఆరు నెలలన్నాడు. నేను నెలల్లో కాదు, సంక్రాంతుల్లో చెప్పమన్నాను. సంక్రాంతి వెళ్ళాక దుకాణంలో కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి, చేతిలో కాస్త డబ్బు ఉంటాయి. వచ్చేది ఒకటి, ఆపైది ఒకటి, రెండు సంక్రాంతులు. రెండోది అయిన మర్నాడు నుంచి పాతదాన్ని దిద్దడం మానేస్తాం. మా బాబాయి కాకపోయినా ఇదే గడువు ఇస్తావా అని వాడు మళ్ళీ అడిగాడు. ఇస్తాననే చెప్పాను, కాగితం మీద బాబాయి పేరు తీసేసి ‘3.8 వాడువారు’ అని రాశాను. ఇకమీదట ఇంకెవరైనా పాతపడితే వాళ్ళకీ అదే రూలు.

ఈలోగా మా మీద కూడా ఒక బాధ్యత పెట్టుకున్నాం. మార్చుకోమని చెప్పి ఊరుకోకుండా, ఆ చుక్కల ప్రింటరును కొత్త యంత్రం మీద నడిపించే దారి వెతకాలి. విండోసు బదులు లినక్సు వేసి చూస్తున్నాం. ఇప్పటికి ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి, తెలుగు పేర్లు బొమ్మలుగా పంపితే గాని పడటం లేదు, ఒక్కో పట్టీకి నిమిషంన్నర తీసుకుంటోంది. లారీ అంతసేపు ఆగదు. ఈ వేసవిలో ఆ పని తెమలాలి.

కాగితం అచ్చువేసి బాబాయికి స్వయంగా ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“అంటే రెండు పండగల తరవాత మీరు చూడరన్నమాట.”

“పాతదాన్ని చూడం బాబాయ్. మీరు కొత్తదానికి వచ్చేస్తారుగా. ఆ లోపల మీ కళ్ళముందు నడిపి చూపిస్తాం, నచ్చితేనే మార్చండి.”

“నచ్చకపోతే?”

“పాతది మీ దగ్గరే ఉంటుంది. నడుస్తూనే ఉంటుంది. చెడితే బాగుచెయ్యడానికి మాత్రం మేముండం.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత గుమస్తాను పిలిచి, గోడ మీదున్న క్యాలెండరు అట్ట వెనకాల ఆ తేదీ రాయించాడు. దాని కిందే, ఇంకా మూడు వేల రెండొందల కాయలు ఎవరికో బాకీ అని రాసి ఉంది. “ముందే చెప్పారు, అది చాలు. కంప్యూటరు కొన్నప్పుడు ఇదెన్నాళ్ళు వస్తదో ఒక్కడూ చెప్పలేదు నాకు” అన్నాడు. అని, “ప్రింటరు సంగతి మాత్రం చూడరా అబ్బాయ్, కార్బను లేకపోతే రైతులు ఒప్పుకోరు” అని లోపలికి కేకేసి నాకు కొబ్బరి బోండం కొట్టించాడు.